పక్కనున్న ఫ్యాక్టరీ కోసమే ఐటీఐలో పాఠాలు చెప్పాలా?

సీమబిడ్డ:
తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐల్ని టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు. మనకు పెనుకొండ దగ్గర కియా ఉంది, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. చుట్టుపక్కల ఐటీఐల్లో ఆ ఫ్యాక్టరీకి పనికొచ్చేదే నేర్పితే మా పిల్లలకు బెంగళూరు పోయి ఒక్క రూములో నలుగురైదుగురు సర్దుకునే బాధ తప్పుతుంది కదా. కాదనేవాళ్లున్నారా?

ఫిట్టర్ సార్:
నేను కాదంటాను. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్తాను, రెండేళ్ల కోర్సు. ఫైలింగ్, మార్కింగ్, డ్రిల్లింగ్, వెర్నియర్‌తో కొలవడం, డ్రాయింగ్ చదవడం చేతికొచ్చిన కుర్రాడు కార్ల ఫ్యాక్టరీలో బతుకుతాడు, పరవాడ ఫార్మా సిటీలోనూ బతుకుతాడు, రైల్వే పరీక్షా రాసుకుంటాడు. ఒక్క లైన్లో ఒక్క పని మాత్రమే నేర్పి పంపితే, రేపు కంపెనీ మెషిన్ మారిస్తే వాడి గతేంటి? వాళ్లకు ప్రత్యేకంగా కావాల్సింది వాళ్లే నేర్పుకోవాలి, డబ్బులిచ్చి.

విశాఖ నాన్న:
సార్, వాళ్లు నేర్పుతారని నమ్మకమేది? మా వైపు ఒక కంపెనీ ఊళ్లోవాళ్లను కాంట్రాక్టర్ కింద హెల్పర్లుగా పెట్టుకుంది, ఆపరేటర్ పని అడిగితే స్కిల్ లేదంటారు. మా అమ్మాయి ఎలక్ట్రీషియన్ పాసైంది, దూరం పంపలేక ఇంట్లోనే ఉంది. ఉద్యోగం దగ్గర్లో దొరకడమే మాకు ముఖ్యం.

ఫిట్టర్ సార్:
మీ బాధ న్యాయమైందే అండి. 2019లో ఏపీ తెచ్చిన 75 శాతం స్థానిక ఉద్యోగాల చట్టంలోనే ఉంది, అర్హులు దొరక్కపోతే కంపెనీ ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో ట్రైనింగ్ ఇచ్చి తీసుకోవాలని. అయితే హర్యానా తెచ్చిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది, అందుకే కోటా ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి, మొత్తం సిబ్బందిలో కనీసం రెండున్నర శాతం, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి. నేర్పే బాధ్యత అక్కడే కంపెనీ మీద పడుతుంది.

సీమబిడ్డ:
ఈ రెండున్నర శాతం సంగతి మాకెవరూ చెప్పలేదు సార్. ఐటీఐలో అడిగితే ఏ కంపెనీ ఎంతమందిని తీసుకుందో లెక్క ఇస్తారా?

ఫిట్టర్ సార్:
ముందు ప్రిన్సిపాల్‌ను అడగండి. చెప్పకపోతే ఆర్టీఐ వేయండి. అమ్మాయిలు ఎంతమందో, వాళ్లకు షిఫ్ట్ బస్సు ఉందో లేదో కూడా అందులోనే అడగండి.