బొద్దింక మీద కూడా జాలి పడాలా?

తులసికోట:
శనివారం నుంచి ఒక విషయం మనసులో తిరుగుతోంది, మీ అందరినీ అడుగుదామనిపించింది. మా అపార్ట్‌మెంట్‌కి నాలుగు నెలలకోసారి మందు కొట్టేవాళ్ళు వస్తారు. శుక్రవారం సాయంత్రం మా వంటింట్లో కొట్టి వెళ్ళారు, ఆ వాసనకి ఉండలేక మేం మా చెల్లెలింట్లో పడుకుని పొద్దున్నే ఆరింటికి తిరిగొచ్చాం. సింకు కింద, గ్యాస్ బండ పక్కన, వంటగట్టు మీద ఎక్కడ చూసినా బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి. పనికొచ్చే అమ్మాయి వాటిని చీపురుతో చేటలోకి ఎత్తుతూ మధ్యలో ఆగిపోయి, "అక్కా, ఇవింకా చావలేదు, కాళ్ళు కొట్టుకుంటున్నాయి, ఏం చెయ్యమంటావ్" అంది. వంగి చూశాను. ఒకదాని మీసాలు నిదానంగా ఆడుతున్నాయి, కాళ్ళు లోపలికి ముడుచుకుంటోంది, మళ్ళీ చాస్తోంది. మందు కొట్టి అప్పటికి 12 గంటలైంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అన్నీ ఒక కవర్లో పోసి మూతి కట్టేశాం. ఆ కవర్లోంచి గరగరమనే చప్పుడు మధ్యాహ్నం దాకా వస్తూనే ఉంది.

మేం గుడ్డు కూడా ముట్టం. ఎండాకాలం బాల్కనీలో పిట్టలకి నీళ్ళు పెడతాను, సెల్లార్‌లో కుక్క ఈనితే నెలరోజులు పాలు పోశాం. ఎవరైనా ఆ కుక్కపిల్లల్ని రాత్రంతా గిలగిలా కొట్టుకునేలా చేస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళేదాన్ని. మరి ఇది నేనే డబ్బులిచ్చి చేయించాను కదా!

బొద్దింకల్ని ఇంట్లో ఉండనివ్వమని నేననడం లేదు. అవి ఉన్న ఇంట్లో పిల్లలకి ఉబ్బసం ఎక్కువవుతుందని తెలుసు. కానీ జాలిని కుక్క దగ్గరో కోడి దగ్గరో ఆపేసి, ఆ తర్వాతవన్నీ చెత్తే అనుకోవడం నాకు తప్పనిపిస్తోంది. చంపక తప్పని పురుగునైనా బాధపెట్టకుండా చంపాలి, అసలు చంపేదాకా రాకుండా ముందే చూసుకోవాలి, ఈ రెండూ మన బాధ్యతే అంటాను. మీరేమంటారు?

బేగంపేట_బాబాయ్:
అమ్మా, మీ మనసు మంచిది, కానీ నేను ఒప్పుకోను. పోయిన సెప్టెంబరులో మా మనవరాలికి డెంగీ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ప్లేట్‌లెట్లు 22 వేలకి పడిపోయాయి. నాలుగు రాత్రులు ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం, రిపోర్టు వచ్చినప్పుడల్లా మా అబ్బాయి మొహంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు. పాప ఇంటికొచ్చాక మూలమూలలా వెతికితే దోమ పురుగులు ఎక్కడ దొరికాయో తెలుసా, హాల్లో మనీప్లాంట్ పెట్టిన గాజు సీసాలో. తోకాడించుకుంటూ పైకీ కిందకీ తిరుగుతున్నాయి. ఆ నీళ్ళు ఎండలో సిమెంటు గచ్చు మీద పారబోసి, అవి ఎండిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. పిసరంత జాలి కూడా కలగలేదు, కలగాలని కూడా నేను కోరుకోను.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ బంగళా మా బేగంపేటలో ఇప్పటికీ ఉంది. అంతకుముందు చెడుగాలి వల్ల జ్వరం వస్తుందనుకునేవాళ్ళు. ఏ పురుగు కుడితే వస్తుందో తెలిశాకే జనం బతికి బట్టకట్టారు. పిల్లల ప్రాణాన్నీ పురుగు ప్రాణాన్నీ ఒకే త్రాసులో వెయ్యడం నావల్ల కాదు. మీరు దోమ మీద జాలిపడితే అది పక్కింటి పిల్లని కుడుతుంది.

మైక్రోస్కోప్:
బాబాయ్‌గారూ, పాప ఇప్పుడు పూర్తిగా కోలుకుందనుకుంటాను. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. చాలా ఏళ్ళు పిల్లల చేత బొద్దింకల్ని కోయించాను, క్లోరోఫామ్ దూది వేసిన సీసాలో పడేసి, కదలడం ఆగాక మైనం పళ్ళెంలో గుండుసూదులు గుచ్చి కోసేవాళ్ళం. అప్పట్లో వాటికి నొప్పి ఉండదనే చెప్పేవాణ్ణి. కాలు నలిగిన పురుగు కుంటకుండా అదే కాలు మీద నడుస్తుంది, గొల్లభామ పట్టి తింటున్నా మిడత తన ఆకు తాను నములుతూనే ఉంటుంది, కాబట్టి వాటికి బాధ తెలియదు అన్నది ఆ రోజుల్లో మాకు అందిన వాదన.

ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. బొద్దింకకి సుమారు 10 లక్షల నరకణాలుంటాయి, తేనెటీగకీ దగ్గరదగ్గర అంతే. 2022లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో లార్స్ చిట్కా బృందం తేనెటీగల జాతివే అయిన బంబుల్‌బీలకి చిన్న చెక్క బంతులిస్తే, తిండి ఆశ ఏమీ లేకుండానే అవి మళ్ళీ మళ్ళీ వచ్చి దొర్లించాయి. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తలూ తత్త్వవేత్తలూ కలిసి చేసిన ప్రకటనలో, కీటకాలకి కూడా అనుభూతి ఉండే అవకాశాన్ని కొట్టిపారెయ్యలేమని రాశారు. ఉందని తేల్చారని నేననను. ఉండొచ్చు అన్నారు, నాకు ఆ మాట చాలు.

తులసికోటగారు చూసిన దాని సంగతి చెప్తాను. ఇళ్ళల్లో కొట్టే స్ప్రేల్లో ఎక్కువ భాగం చామంతి జాతి పూల విషాన్ని పోలినట్టు ఫ్యాక్టరీలో చేసినవే. నరంలో సోడియం వెళ్ళే ద్వారాలు మూసుకోవాల్సినప్పుడు మూసుకోకుండా అది అడ్డుపడుతుంది, దాంతో నరం ఆగకుండా కొట్టుకుంటుంది, పురుగు వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంటుంది. మోతాదు చాలకపోతే గంటల తరబడి అలాగే ఉంటుంది. ఆ లెక్కన చెప్పుతో ఒక్క దెబ్బ వెయ్యిరెట్లు నయం. జిగురు అట్టలు మాత్రం దయచేసి వాడకండి, వాటికి అతుక్కున్నది రోజుల తరబడి బతికే ఉంటుంది.

గోదారిగట్టు:
ఈ చర్చ మన ఇళ్ళకి కొత్త కాదు తల్లీ. పంచసూనాలు అని ధర్మశాస్త్రాల్లో ఉంది. పొయ్యి, తిరగలి, రోలు, చీపురు, నీళ్ళకుండ, ఈ ఐదూ ఇంట్లో ఉండే వధ్యస్థానాలన్నారు, వాటి దగ్గర కంటికి కనబడని ప్రాణులెన్నో రోజూ పోతుంటాయని. వంట మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. చంపక తప్పదని తెలిసి కూడా దాన్ని పాపమనే అన్నారు, అందుకు బదులుగా గృహస్థు చెయ్యాల్సిన ఐదు యజ్ఞాల్లో ఒకటి కాకులకీ పురుగులకీ నేల మీద అన్నం ముద్ద పెట్టడం. మా అమ్మ అన్నం వార్చాక ఆ పిడికెడూ అరుగు చివర పెట్టాకే మాకు విస్తళ్ళు వేసేది.

బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది కూడా చీమల కోసమే. చిన్నప్పుడు నేను గడప దగ్గర బోర్లా పడుకుని చూసేవాణ్ణి, నల్లచీమ ఒకటి తన తలకంటే పెద్ద పిండి పలుకుని నెత్తికెత్తుకుని ముగ్గు గీత వెంబడే వెళ్ళిపోయేది, ఎంతసేపటికీ గీత దాటేది కాదు. ఇప్పుడు ముగ్గురాయి పొడి వేస్తున్నాం, అందులో చీమ తినేదేం లేదు. పైగా అదే గడపకి లోపలి వైపు చీమల మందు చాక్‌పీసుతో ఇంకో తెల్లగీత గీస్తున్నాం. నాకు అది చూస్తే కడుపులో దేవినట్టవుతుంది. చీమ ఏం రోగం తెచ్చింది మనకి? పంచదార డబ్బా పళ్ళెంలో నీళ్ళు పోసి పెడితే సరిపోయేదానికి విషం ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు చూడండి.

రెండో_షిఫ్ట్:
ఇంతవరకు చదివి ఊరుకుందామనుకున్నాను కానీ పై మాట చూశాక రాయాల్సి వస్తోంది. పెద్దాయనగారూ, మీరు చెప్పిన ఆ ఐదూ, పొయ్యి, తిరగలి, రోలు, చీపురు, నీళ్ళకుండ, ఎవరి చేతిలో ఉండేవి? అన్నీ ఆడవాళ్ళ చేతిలోవే. హింస చేసే పని వాళ్ళది, దానికి ప్రాయశ్చిత్తం చేసే పుణ్యం గృహస్థుది.

ఇప్పుడు కూడా అదే వరస. "చంపేదాకా రాకుండా ముందే చూసుకోవాలి" అని రాయడం తేలిక. అది ఎవరు చూసుకోవాలి? నేను ఎనిమిదిన్నరకి ఆఫీసు నుంచి వస్తాను. పురుగు మందు కొట్టకుండా ఉండాలంటే రాత్రి సింకులో ఒక్క గిన్నె ఉండకూడదు, గట్టు పొడిగా తుడవాలి, చెత్త బయట పెట్టాలి, స్టవ్ కింద జిడ్డు గీకాలి, బియ్యం నెలకోసారి చేట మీద పోసి ఎండబెట్టాలి, కందిపప్పుకి ఆముదం పట్టించాలి. ఇవన్నీ మా అత్తగారు చేసేవారు, రోజంతా ఇంట్లో ఉండి, నడుం పడిపోయేదాకా చేసేవారు. అందుకే ఆ ఇంట్లో మందు డబ్బా లేదు. నాకా ఓపిక లేదు, టైమూ లేదు, అందుకే డబ్బా కొంటాను. అది నాకు దయలేక అనుకుంటే మాత్రం నేనొప్పుకోను.

ఇంకో సంగతి. మేం ముందు అద్దెకున్న ఇల్లు మురుక్కాలువ పక్కన. ఎంత తుడిచినా రాత్రయ్యేసరికి బొద్దింకలు బాత్రూం తూములోంచి పైకొచ్చేవి, నిద్రలో మా బాబు చెవి దగ్గర పాకితే ఉలిక్కిపడి లేచాం. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే చోట డ్రమ్ముల్లో పట్టుకోకుండా ఎలా, అందులో దోమలు గుడ్లు పెట్టకుండా ఎలా? శుభ్రమైన అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి అందే దయని అందరికీ నియమంగా పెట్టకండి.

నేతగళ్ళలుంగీ:
నాదొకటే ప్రశ్న. ఒక్క పట్టుచీరకి వేల పట్టుపురుగు గూళ్ళు ఉడకబెడతారు, పురుగు లోపల ఉండగానే. ఆ చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళేటప్పుడు రాని బాధ బొద్దింక దగ్గర ఎందుకొచ్చింది? పురుగు బయటికి వెళ్ళాకే దారం తీసే అహింసా పట్టుని మన హైదరాబాద్‌లోనే కుసుమ రాజయ్యగారు చేసి చూపించారు. ఎంతమంది అడిగి కొన్నాం?

బేగంపేట_బాబాయ్:
రెండో షిఫ్ట్ అమ్మా, డ్రమ్ముల సంగతి. మూత లేకపోతే పాత పంచె గుడ్డ కట్టి తాడు బిగించండి, వారానికోసారి ఖాళీ చేసి లోపలి అంచుని కొబ్బరి పీచుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకి అతుక్కుని ఉంటాయి, నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, ఉత్తినే నీళ్ళు పారబోస్తే సరిపోదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టే వారానికోసారి అన్నది. మీ బాబు కోసం చెప్తున్నాను.

తులసికోట:
బాబాయ్‌గారూ, దోమ విషయంలో మీతో వాదించను. మనవరాలి పక్కన నాలుగు రాత్రులు కూర్చున్న మనిషికి జాలి గురించి చెప్పే అర్హత నాకు లేదు. కానీ మీరు ఇప్పుడు రెండో షిఫ్ట్‌గారికి చెప్పింది చూడండి, గుడ్డ కట్టడం, అంచు రుద్దడం. దోమ పుట్టకపోతే దాన్ని చంపే పనే ఉండదు, నేను మొదట అన్నది ఇలాంటిదే.

రెండో షిఫ్ట్‌గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆ రోజు అవి ఇంకా చావలేదని చూసింది పనికొచ్చిన అమ్మాయి. చేటలోకి ఎత్తింది కూడా తనే. నేను గుమ్మం దగ్గర నిలబడి బాధపడ్డాను, అంతే. ఆ మాట ఇక్కడ రాసేటప్పుడు కూడా నాకు తట్టలేదు, మీరన్నాకే తట్టింది. ఇంట్లో మా ఆయనతోనూ మా పెద్దాడితోనూ మాట్లాడాను. ఆదివారం నుంచి రాత్రి గిన్నెలు వాళ్ళిద్దరివి, గట్టు తుడిచి చెత్త బయట పెట్టేది నేను. మురుక్కాలువ పక్కన ఉన్నవాళ్ళు మందు కొట్టుకుంటే వాళ్ళని ఒక్క మాట అనను. కాలువ మీద పలకలు వెయ్యమని అక్కడి వార్డు ఆఫీసుకి అందరూ కలిసి అర్జీ పెడితే, నేనూ వచ్చి సంతకం చేస్తాను.

పట్టుచీర ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. బీరువాలో పదకొండు ఉన్నాయి. ఇక కొనను.

మందు కొట్టేవాళ్ళకి ఫోన్ చేసి, వచ్చేసారి ఇల్లంతా స్ప్రే వద్దు, కబోర్డు బందుల దగ్గర మాత్రం చుక్కలుగా పెట్టే జెల్ వెయ్యమన్నాను. అదీ నరాల మీద పనిచేసే విషమేనని వాళ్ళే చెప్పారు, కానీ బల్లులకీ సాలీళ్ళకీ తగలదు, గాల్లో కలవదు. మర్నాడు పొద్దున్న చీపురు నేనే పడతాను, కదులుతున్నవి కనబడితే నేనే ముగిస్తాను.

మైక్రోస్కోప్‌గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. నిన్న రాత్రి పదకొండింటికి మంచినీళ్ళ కోసం లేచి లైటు వేస్తే సింకు అంచున ఒకటి ఉంది. మీరు చెప్పినట్టే చెప్పుతో ఒక్క దెబ్బ కొట్టాను, ఆ తర్వాత కదల్లేదు. వేడినీళ్ళతో తుడుద్దామని వంగితే దాని వెనక గోధుమరంగు గింజలాంటి సంచి ఉంది, గుడ్లది అనుకుంటాను, నలగలేదు. దాన్ని అట్టముక్క మీదకి తీసి గిన్నె బోర్లించి ఉంచాను. లోపల పిల్లలు బతికే ఉంటాయా? ఉంటే ఏం చెయ్యడం సరైన పని?