పద్దెనిమిదేళ్ల తర్వాత మళ్లీ బండెక్కుతున్నాను, ఏ పాత బండి కొనాలి?

ఓరుగల్లు_పాతకాపు:
అందరికీ నమస్కారం. ఊరు హనుమకొండ, వయసు 47. 2001 నుంచి ఏడేళ్లు హీరో హోండా సీబీజెడ్ బండి నడిపాను. అమ్మాయి పుట్టాక కారు వచ్చింది, బండి బావమరిది దగ్గరికి వెళ్లింది, అక్కడి నుంచి ఎవరి చేతికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు అమ్మాయి హాస్టల్లో ఉంది. ఆదివారం పూట రామప్ప దాకానో లక్నవరం దాకానో బండి మీద వెళ్లి రావాలని మనసు లాగుతోంది. కొత్త బండికి లక్షన్నర పైన పెట్టడం ఇంట్లో ఒప్పుకునే మాట కాదు. సెకండ్ హ్యాండ్‌లో 1,20,000 వరకు పెట్టగలను. రెండు కనిపించాయి: 2017 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఒకటి, 2021 నాటి హోండా యూనికార్న్ ఒకటి. మనసు మొదటిదాని మీదే ఉంది. ఏం చూసుకోవాలో చెప్పండి.

ఈతముక్కల_కుర్రాడు:
బుల్లెట్టు ఎక్కకపోతే మీసం ఎందుకన్నా? 350 తీసుకోండి.

మెకానిక్_గారబ్బాయి:
మీసం సంగతి తర్వాత చూద్దాం. మాది తెనాలి, నాన్నకు షెడ్డు ఉండేది. పాత బండి చూడటానికి వెళ్లేటప్పుడు నేను పాటించే పద్ధతి రాస్తాను. కొంచెం పొడుగు అవుతుంది.

ముందుగా ఫోన్‌లోనే చెప్పండి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే సైలెన్సర్ మీద కాదు, ఇంజిన్ చుట్టూ పలకల్లా ఉండే రెక్కల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే ఒక రౌండు కొట్టి వచ్చాడన్నమాట. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని జబ్బు, మొదటి అర నిమిషం వచ్చే టైమింగ్ చెయిన్ గలగల, పొగ రంగు, ఇవన్నీ ఇంజిన్ వేడెక్కితే దాక్కుంటాయి. నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు గానీ సిలిండర్ బోరు గానీ అరిగిపోయినట్టు. ఆ ఖర్చు బేరంలో తీసేయాలి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయాలి.

తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా ఇటు అటు తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడి ఆగినట్టు అనిపిస్తే కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టే. ముందు బ్రేకు పట్టి ఫోర్కులు గట్టిగా నొక్కండి. గొట్టాల మీద నూనె గీత కనిపిస్తే సీళ్లు కారుతున్నాయి. వెనక స్ప్రాకెట్ పళ్లు కొడవలి మొనల్లా వంగి ఉంటే చెయిన్ సెట్టు మొత్తం మార్చాలి.

పడిన బండి చెప్పకపోయినా చెబుతుంది. క్లచ్ లివర్ చివర గుండు, ఫుట్‌రెస్టు కొస, హ్యాండిల్ చివర బరువు, ఈ మూడూ చూడండి. నిలబెట్టిన బండి ఒరిగిపోతే గీతలు చిన్నగా ఒకచోటే ఉంటాయి. రోడ్డు మీద జారితే ఒకే దిక్కుకు పొడుగ్గా గీసుకుపోతాయి. టైరు మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారు. అరుగుదల బాగా ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరును నేను నమ్మను.

కిలోమీటర్ల అంకెను అసలు చూడకండి. గేరు లివర్ రబ్బరు అరిగి నున్నబడి, మీటరు 11,000 చూపిస్తుంటే ఏది అబద్ధమో మీకే తెలుస్తుంది.

బెజవాడ_బేరాలు:
పైన రాసినది అక్షరాలా నిజం. నేను ఇంకొకటి కలుపుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో మునిగే ఉన్నాయి. వాటిలో చాలా బండ్లు కడిగి, పెయింటు వేసి, వేరే జిల్లాల్లో అమ్మకానికి నిలబెట్టారు. మా తోడల్లుడు ఒకటి కొని రెండు నెలల్లో మూడుసార్లు వైరింగ్ మార్పించాడు.

నీళ్లు తాగిన బండిని పట్టుకోవడం కష్టం కాదు. సీటు తీసి బ్యాటరీ పెట్టె మూలల్లో వేలు పెట్టి తుడవండి. కడిగేవాడి చెయ్యి అందని చోట ఒండ్రు మిగిలిపోతుంది. హెడ్‌లైటు లోపల మబ్బులా తెల్లటి పొర ఉందేమో చూడండి. హారన్ గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఆయిల్ మూత విప్పితే పాలు ఎక్కువైన టీ రంగు కనిపిస్తే ఇక ఒక్క ప్రశ్న కూడా అడగనవసరం లేదు, చెప్పులు వేసుకోండి.

చినవాల్తేరు_చక్రం:
నేను నలభై మూడేళ్ల మనిషిని, విశాఖ. పెళ్లికి ముందు నాన్న స్ప్లెండర్ నడిపేదాన్ని, పద్నాలుగేళ్ల విరామం తర్వాత పోయిన ఏడాది మళ్లీ ఎక్కాను. అందరూ బండి గురించి చెబుతున్నారు, నడిపే మనిషి గురించి నేను చెబుతాను.

నేను చేసిన మొదటి పొరపాటు గేర్లది. స్ప్లెండర్‌లో అన్ని గేర్లూ ముందుకు నొక్కితే పెరుగుతాయి. నేను కొన్న పాత పల్సర్‌లో మొదటిది మాత్రమే కిందికి, మిగతావి పైకి. బుర్రకు తెలుసు, కాలికి తెలియదు. బీచ్ రోడ్డులో మూడో గేరులో వెళుతూ నాలుగు వేద్దామని ముందుకు నొక్కాను. రెండులోకి పడి వెనక చక్రం కీచుమని అరిచింది. వెనక ఆటో ఆయన తిట్టిన తిట్లు రాయను. ఆ తర్వాత పదిహేను రోజులు పొద్దున్నే అయిదింటికి ఖాళీ రోడ్డులో గేర్లు తప్ప ఇంకేమీ చేయలేదు.

రెండోది కళ్లజోడు. నాకు రెండు చూపుల అద్దాలు. మీటరు చూసి తల ఎత్తేసరికి ఎదుట ఉన్నది ఒక్క క్షణం మసకగా ఉంటుంది. దూరానికి మాత్రమే పనికొచ్చే అద్దం వేరుగా చేయించుకున్నాను.

మూడోది బరువు. క్లాసిక్ దాదాపు 195 కిలోలు, యూనికార్న్ 140 దగ్గర. బండి పరుగులో ఉన్నప్పుడు ఆ తేడా తెలియదు. మట్టి పార్కింగ్‌లో ఏటవాలున వెనక్కి తోసేటప్పుడు తెలుస్తుంది. మా అపార్టుమెంటు సెల్లార్‌లో ఒక పెద్దాయన బండి అలాగే ఒరిగి మడమ విరిగింది. మీరు ఏది కొన్నా ముందు ఇంజిన్ ఆపి పది అడుగులు తోసి చూడండి.

ఈతముక్కల_కుర్రాడు:
అక్కా, మీరు పల్సర్ నడుపుతారా! దండం.

కాగితాల_మనిషి:
కర్నూలు నుంచి. బండి బాగుండి కాగితాలు బాగాలేక ఏడ్చినవాళ్లను ఎక్కువమందిని చూశాను, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉందా చూడండి. అప్పు తీర్చేశానని అమ్మేవాడు చెప్పడం చాలదు. సంస్థ ఇచ్చిన పత్రం, ఫారం 35 ఉంటేనే ఆ పేరు ఆర్‌సీ నుంచి తీస్తారు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉందో చూడండి. చలాన్లు విడిగా చూడండి, అవి అమ్మేవాడి చేతే కట్టించండి. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి.

డబ్బు ఇచ్చే ముందే బండి పేరు మార్పు కాగితాలు, అంటే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో బదిలీ చేయించుకోవాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ), మళ్లీ ఇక్కడి పన్ను, కొత్త నంబరు. చవకగా వచ్చిందని బెంగళూరు బండి తెచ్చుకున్నవాళ్లు ఆ తేడా అంతా పన్నుకే కడతారు.

ఇది మీకే కాదు, అమ్మేవాడికి కూడా చెప్పండి: ఆర్‌సీ మారకుండా చేతులు మారిన బండి ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట వింటే బదిలీకి బద్ధకించే అమ్మకందారు కూడా లేచి కూర్చుంటాడు.

ఇన్సూరెన్స్‌లో ఒక చిక్కు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, ఒకేసారి ఇస్తున్నారు. అంటే 2021 బండికి అది ఇప్పుడో కొద్ది నెలల్లోనో అయిపోతుంది. ఇన్సూరెన్స్ ఉంది అన్న మాటతో సరిపెట్టుకోకండి, తేదీ చూడండి.

ఇంకొకటి. పాతకాపు గారూ, మీ లైసెన్సు ఎప్పటిది?

ఓరుగల్లు_పాతకాపు:
2001లో తీసుకున్నాను. ఎందుకు?

కాగితాల_మనిషి:
అప్పట్లో ఇరవై ఏళ్లకు ఇచ్చేవారు. ఒకసారి తీసి చూడండి.

ఓరుగల్లు_పాతకాపు:
చూశాను. 2021లోనే అయిపోయింది. అయిదేళ్లుగా అదే లైసెన్సు జేబులో పెట్టుకుని కారు నడుపుతున్నాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

కాగితాల_మనిషి:
గడువు దాటి ఏడాది అయితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెడతారు. నలభై దాటారు కాబట్టి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కూడా కావాలి. కారు తాళాలు మీ ఆవిడకు ఇచ్చేయండి. బండి తర్వాత, ముందు ఇది.

డల్లాస్_దారి:
మాది రాజమండ్రి, ఇప్పుడు టెక్సస్. నేను కూడా ఇలాగే ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కాను. ఇక్కడ కొత్తవాళ్లకు పెట్టే శిక్షణ రెండు రోజులు ఖాళీ పార్కింగ్ స్థలంలో చిన్న బండి మీద జరుగుతుంది. నాకు అన్నీ వచ్చు అనుకుని వెళ్లాను. మొదటి గంటలోనే మలుపులో బండి ముందున్న నేలను చూస్తున్నానని బోధకురాలు మూడుసార్లు అరిచింది. చూపు ఎటు ఉంటే బండి అటు పోతుంది. ఇంకొకటి, పాత డ్రమ్ము బ్రేకుల అలవాటుతో డిస్కును గుప్పెడంతా పట్టి పిసికేయడం. మెల్లగా మొదలుపెట్టి బిగించాలి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా ఇసుక మీద అది అద్భుతాలు చేయదు.

బెజవాడ_బేరాలు:
2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన 125 సీసీ పైబడిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. 2017 క్లాసిక్‌కు ఉండకపోవచ్చు, చూసుకోండి. బేరానికి పనికొచ్చే మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు కొత్త బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తదాని ధర తగ్గాక పాతదానికి పాత ధర చెప్పేవాడిని ఈ ఒక్క లెక్కతో కిందికి దించవచ్చు.

ఓరుగల్లు_పాతకాపు:
ఆదివారం క్లాసిక్ చూసి వచ్చాను. చల్లగా ఉంచమని రెండుసార్లు చెప్పాను. వెళ్లేసరికి రెక్కలు వెచ్చగా ఉన్నాయి. "ఎండకండీ" అన్నాడు. బండి నీడలో ఉంది. అయినా మనసు ఒప్పుకోక ఒక రౌండు వేశాను. ఆ శబ్దం చెవిలో పడగానే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాను, నిజం దాచను. కానీ ఎనభై దాటగానే అరచేతులు తిమ్మిరెక్కాయి. తిరిగి వచ్చి చక్రం గారు చెప్పినట్టు వాకిట్లోని ర్యాంపు మీద వెనక్కి తోశాను. సగంలో మోకాలు వణికింది. అమ్మేవాడే పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. 1,15,000 చెప్పాడు, నేను బేరం కూడా ఆడలేదు.

మెకానిక్_గారబ్బాయి:
ఆ తిమ్మిరి పాత ఇంజిన్ స్వభావం. 2021 నుంచి వచ్చిన క్లాసిక్‌లో కొత్త 349 సీసీ ఇంజిన్‌కు వణుకు తగ్గించే బ్యాలెన్సర్ ఉంది, చేతులకు సుఖంగా ఉంటుంది. కానీ అది మీ బడ్జెట్‌లో దొరకదు. దొరికితే నాకు అనుమానం.

ఈతముక్కల_కుర్రాడు:
అన్నా, మీసం మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఓరుగల్లు_పాతకాపు:
నెల తర్వాత వస్తున్నాను. ముందు లైసెన్సు. తమ్ముడి కొడుకు బండి అడిగి తీసుకుని ఆర్ట్స్ కాలేజీ మైదానంలో రోజూ పొద్దున్నే ఎనిమిది అంకె వేశాను. మొదటి రోజు కాలు కింద పెట్టకుండా ఒక్కసారి కూడా రాలేదు. నడకకు వచ్చే పెద్దలు ఆగి మరీ చూసేవారు. పరీక్షలో నా ముందు వాళ్లందరూ ఇరవై ఏళ్ల పిల్లలే. గట్టెక్కాను.

తర్వాత జనగామలో ఒక రిటైర్డు లెక్చరరు గారి యూనికార్న్. 2021, ఒకటే చెయ్యి, 14,000 కిలోమీటర్లు. ఈసారి అంకెను కాదు, గేరు రబ్బరును చూశాను, గీతలు అలాగే ఉన్నాయి. ఇంజిన్ చల్లగా ఉంది. సర్వీసు బిల్లులన్నీ దారంతో కట్టి ఇచ్చారు. టైర్లు మాత్రం బండితో వచ్చినవే, థర్డ్ పార్టీ మూడు వారాల్లో అయిపోతుంది. ఆ రెండూ చూపించి 78,000 నుంచి 71,000కు వచ్చాం. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది. మిగిలిన డబ్బులో రెండు టైర్లు, ఐఎస్ఐ గుర్తున్న కొత్త హెల్మెట్, చేతి తొడుగులు. అటక మీది పాత హెల్మెట్‌లో థర్మోకోల్ నొక్కితే పొడి రాలింది.

చిన్న తికమకలు కొన్ని. సైడ్ స్టాండ్ వేసి గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోయింది. బండి పాడైందనుకుని లెక్చరరు గారికి ఫోన్ చేశాను, ఆయన నవ్వారు. రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లు అరచెయ్యి మూసి తెరుస్తూ పగలే లైటు వెలుగుతోందని సైగ చేస్తున్నారు. మొదటి రోజు స్విచ్చి కోసం వెతికాను, అసలు లేదు.

నిన్న రామప్ప వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడు యాభై దాటలేదు. ములుగులో టీ తాగి చూస్తే నడుము పట్టేసింది. వచ్చేటప్పుడు ప్రతి ఇరవై కిలోమీటర్లకు ఆగాను.

చినవాల్తేరు_చక్రం:
శుభాకాంక్షలండీ. ఇంట్లో చెప్పారా, లైసెన్సు సంగతి?

ఓరుగల్లు_పాతకాపు:
చెప్పాను. ఇప్పుడు కారు ఆవిడే నడుపుతోంది, నాకు ఇవ్వడం లేదు. ఒక సందేహం: చెయిన్‌కు ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ రాయమంటున్నాడు ఇక్కడి మెకానిక్. రాయవచ్చా?

మెకానిక్_గారబ్బాయి:
వద్దు. దానిలో లోహపు పొడి, మసి ఉంటాయి. కిరోసిన్ దొరికితే కిరోసిన్, లేకపోతే డీజిల్‌తో తుడిచి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ పలుచగా రాయండి. రాత్రి రాసి ఉంచండి, రాసిన వెంటనే బయల్దేరితే వీపు మీద చుక్కల ముగ్గు పడుతుంది.