అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్స్ హడావిడిగా వచ్చి స్నాప్ చేసేస్తుంటే డిఫెన్స్ ఆటగాళ్లను మార్చుకునేదెప్పుడు?

లాసన్స్‌బే_కుర్రాడు:
అందరికీ నమస్తే. మొన్న సోమవారం పొద్దున్న ఆరింటికి లేచి ఎన్ఎఫ్ఎల్, అంటే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్, మ్యాచ్ చూశాను (వాళ్ల ఆదివారం రాత్రి మ్యాచ్ మనకి టీ తాగే టైమ్‌కి వస్తుంది కదా). మూడు సీజన్ల నుంచి చూస్తున్నాను, ఆట బాగానే అర్థమవుతోంది, కానీ ఈసారి ఒక చోట పూర్తిగా తికమక పడ్డాను.

అఫెన్స్ వాళ్లు (బంతి చేతిలో ఉన్న టీమ్) ఒక పాస్ పట్టారు, హడిల్ గిడిల్ (గుంపుగా చేరి తర్వాతి ప్లే చెప్పుకోవడం) ఏమీ లేదు, పరుగున వచ్చి లైన్ మీద నిలబడిపోయారు. డిఫెన్స్ మధ్యలో ఉండే భారీ మనిషి, నోస్ టాకిల్, అప్పటికే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సైడ్‌లైన్ వైపు చూస్తున్నాడు. అతని బదులు రావాల్సినవాడు హెల్మెట్ పట్టీ బిగించుకుని గీత దగ్గర రెడీగా ఉన్నాడు, ఒక అడుగు లోపల పెట్టి మళ్లీ వెనక్కి తీశాడు. ఈలోపు స్నాప్ (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) అయిపోయింది. మళ్లీ అదే, ఆ తర్వాతా అదే. నాలుగో ప్లేకి టచ్‌డౌన్, బంతి అవతలి చివరి గీత దాటేసింది. రెండో హాఫ్‌లో అదే టీమ్ అదే స్పీడ్‌తో వచ్చింది, ఈసారి మాత్రం అంపైర్ వచ్చి బంతికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడ్డాడు. క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌లో బంతి విసిరేవాడు) చేతులు ఊపి గోల పెడుతున్నా కదల్లేదు, డిఫెన్స్ తీరిగ్గా ముగ్గురిని మార్చుకుంది. అదే మ్యాచ్, అవే రూల్స్. మొదటిసారి ఎందుకు ఆపలేదు, రెండోసారి ఎందుకు ఆపాడు?

నాకిది ఊరికే వచ్చిన డౌట్ కాదు. ఆదివారాలు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో, సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక, ఏడుగురు ఏడుగురుగా ఆడుకుంటాం, ట్యాకిల్ ఉండదు, తాకితే ప్లే అయిపోయినట్టే. మాలో ఒక టీమ్ ఈమధ్య ఇలాగే ఊపిరి తీసుకోనివ్వకుండా ఆడుతోంది, పోయిన వారం దాని మీద పెద్ద గొడవే అయింది. సరైన రూల్ తెలిస్తే అదే పెట్టుకుంటాం.

గాజువాక_ఫార్టీయార్డ్స్:
తమ్ముడూ, అంపైర్ ఆపిన చోట వీడియో వెనక్కి తిప్పి డిఫెన్స్‌ని కాదు, అఫెన్స్‌ని చూడు. అక్కడ అఫెన్స్ ఎవరో ఒకరిని మార్చే ఉంటుంది. కిటుకంతా అక్కడే ఉంది. అఫెన్స్ మనిషిని మారిస్తే డిఫెన్స్‌కి కూడా మార్చుకునే అవకాశం ఇచ్చి తీరాలి, అందుకే అంపైర్ బంతి మీద నిలబడతాడు. అఫెన్స్ అదే పదకొండు మందితో మళ్లీ వస్తే డిఫెన్స్ కోసం ఎవరూ ఆగరు. మార్చుకోవచ్చు, తప్పేం లేదు, కానీ ఆ రిస్క్ డిఫెన్స్‌దే. మార్చినట్టు నటించి డిఫెన్స్‌ని కంగారు పెట్టి గబుక్కున స్నాప్ చేయడం కూడా కుదరదు, అది కూడా రూల్‌లో ఉంది.

ఆ రిస్క్ ఎంతో లెక్క చూడు. ప్లే అయిన వెంటనే 40 సెకన్ల ప్లే క్లాక్ మొదలవుతుంది, కానీ అఫెన్స్ ఆ 40 మొత్తం వాడుకోవాలని ఎక్కడా లేదు. బంతి పెట్టి అఫీషియల్స్ తమ చోట్లకి వెళ్లిపోతే క్లాక్‌లో ఎంత మిగిలి ఉన్నా స్నాప్ చేసేయొచ్చు. మైదానం వెడల్పు 53 యార్డుల చిల్లర. నువ్వు చూసిన ఆ నోస్ టాకిల్ నట్టనడుమ ఉంటాడు, అంటే రొప్పుతూ పాతిక యార్డుల పైన పరిగెత్తి బయటికి వెళ్లాలి, ఇంకొకడు అంతే దూరం లోపలికి రావాలి. పాతవాడు గీత దాటకముందే స్నాప్ అయిందంటే పన్నెండు మంది, ఫ్లాగ్ పడుతుంది, 5 యార్డుల పెనాల్టీ. పైగా ప్లే ఆగదు. క్వార్టర్‌బ్యాక్ ధైర్యంగా లాంగ్ బాల్ వేస్తాడు, దొరికితే టచ్‌డౌన్, ఇంటర్‌సెప్షన్ (బంతి డిఫెన్స్ పట్టేయడం) అయితే పెనాల్టీ తీసుకుని మళ్లీ ఆడతాడు. క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ గ్రీన్ బే టీమ్‌లో ఉన్నన్నాళ్లూ ఈ ఫ్రీ ప్లేలతో ఎంతమందిని ఏడిపించాడో. గీత దగ్గర అడుగు పెట్టి వెనక్కి తీసుకున్న ఆ కుర్రాడు అందుకే తీసుకున్నాడు, చాలా తెలివైన పని చేశాడు.

టెక్సస్‌లో చదువుకున్న నాలుగేళ్లూ నేను స్టేడియంలో పై వరసల్లో కూర్చునేవాణ్ని, అక్కడి నుంచి చూస్తే ఇది టీవీలో కన్నా బాగా తెలుస్తుంది. స్పీడ్ అంటే కాళ్ల స్పీడ్ కాదు, అవే పదకొండు మందితో రన్ కూడా ఆడగలగాలి, పాస్ కూడా ఆడగలగాలి. బఫెలో బిల్స్ 1990 నుంచి వరసగా నాలుగు సీజన్లు సూపర్ బౌల్‌కి (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌కి) వెళ్లింది ఇలాగే. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ హడిల్ లేకుండా లైన్ మీదే ప్లేలు పిలిచేవాడు. దాన్ని కె-గన్ అనేవారు, ఆ 'కె' కెల్లీ పేరులోది అనుకుంటారు చాలామంది, నిజానికి టైట్ ఎండ్ కీత్ మెకెల్లర్ పేరులోది. ఆ టీమ్‌కి పేరు పెట్టేంత ముఖ్యం ఎందుకయ్యాడంటే అతను బ్లాకూ చేయగలడు, రిసీవర్‌లా పరిగెత్తనూ గలడు, అతన్ని మార్చాల్సిన పనే ఉండదు. రన్నింగ్ బ్యాక్ థర్మన్ థామస్ కూడా అంతే, బంతి చేతికిచ్చినా ఒకటే, విసిరినా ఒకటే. రన్ ఆపడానికి పెట్టుకున్న బరువైన డిఫెన్స్ ఒకసారి లోపల ఇరుక్కుందంటే ఇక వాళ్ల మీద పాసుల మీద పాసులు.

పెందుర్తి_రైడర్:
నేను కబడ్డీ ఆడినవాణ్ని, ఈ ఆట ఈమధ్యే చూస్తున్నాను. అన్నా, నువ్వు చెప్పింది అర్థమైంది గానీ నాకు ఇది న్యాయంగా అనిపించట్లేదు. కబడ్డీలో రైడ్‌కి 30 సెకన్లు, రైడర్ ఊపిరి ఎంత ఖర్చవుతుందో డిఫెండర్లదీ అంతే ఖర్చవుతుంది, ఎవరు అలసిపోయారో రెండు పక్కలా కనిపిస్తుంది. ఇక్కడ ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక పక్కవాళ్లకే తెలుసు. నూట నలభై కిలోల మనిషిని ఎనిమిది ప్లేలు వరసగా తోయించి, బయటికి వెళ్లే దారి మూసేసి, తొమ్మిదో ప్లేలో అతని పక్క నుంచే పరిగెత్తడం గొప్పతనమా? మన విశాఖ ఉక్కపోతలో మే నెలలో ఆడితే తెలుస్తుంది, అలిసినవాడికి మెదడు ముందు ఆగిపోతుంది, కాళ్లు తర్వాత. దెబ్బలు తగిలేది అప్పుడే.

అఫెన్స్ వాళ్లూ అలిసిపోతారు కదా అంటారేమో. అలిసిపోతారు. కానీ ఎటు కదలాలో వాళ్లకి ముందే తెలుసు, డిఫెండర్ ప్రతిసారీ అవతలివాడు కదిలాకే కదలాలి.

గాజువాక_ఫార్టీయార్డ్స్:
రైడర్ గారూ, ఆఖరి మాట నూటికి నూరు పాళ్లు నిజం. డిఫెన్సివ్ లైన్‌ని తిప్పి తిప్పి వాడడం అలవాటు, అఫెన్స్ లైన్‌లో ఐదుగురూ మామూలుగా మ్యాచ్ అంతా ఉంటారు, అంటే ఈ స్పీడ్ దెబ్బ తగిలేది మార్పుల మీద బతికే డిఫెన్స్‌కే. కానీ దీనికి విరుగుడు రూల్‌బుక్‌లో వెతక్కూడదని నా అభిప్రాయం. 1991 జనవరి సూపర్ బౌల్‌లో అదే బిల్స్ మీద న్యూయార్క్ జెయింట్స్ ఏం చేశారో చూడండి. బంతి వాళ్ల చేతికే రానివ్వలేదు, 60 నిమిషాల ఆటలో 40 నిమిషాల 33 సెకన్లు జెయింట్స్ దగ్గరే ఉంది. బిల్స్ అఫెన్స్ బెంచీ మీద చల్లబడిపోయింది, జెయింట్స్ 20-19తో గెలిచింది. స్పీడ్‌గా ఆడి మూడు ప్లేలకే పంట్ చేస్తే (బంతి తన్ని అవతలివాళ్లకి ఇచ్చేస్తే) అలిసిపోయేది మన డిఫెన్సే, అది కూడా గుర్తుంచుకోవాలి.

ఎంవీపీ_అక్కయ్య:
మీ ఇద్దరి వాదన అమెరికాలో పదేళ్ల పైనే నడిచింది, కాలేజీ ఫుట్‌బాల్‌లో అయితే రూల్ దాకా వెళ్లింది. 2014లో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ రూల్స్ కమిటీ ఒక ప్రతిపాదన పెట్టింది, ప్లే క్లాక్ 29కి వచ్చేదాకా స్నాప్ చేయకూడదు, అంటే మొదటి పది సెకన్లు డిఫెన్స్ మార్పులకి వదిలేయాలి, ప్రతి హాఫ్ ఆఖరి రెండు నిమిషాలకి మాత్రం మినహాయింపు. ఆటగాళ్ల భద్రత కోసం అన్నారు. అలబామా కోచ్ నిక్ సేబన్, ఆర్కన్సా కోచ్ బ్రెట్ బీలెమా దాన్ని సమర్థించారు, స్పీడ్‌గా ఆడే టీమ్‌ల కోచ్‌లు గట్టిగా ఎదిరించారు. అంతకు ముందు నవంబర్‌లోనే గస్ మాల్జాన్ హడావిడి అఫెన్స్‌తో ఆబర్న్ 34-28తో అలబామాని ఓడించింది, ఆ వేడి ఇంకా చల్లారలేదు. మార్చిలో ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

రూల్ లేకపోయేసరికి డిఫెన్స్ ఇంకో దారి పట్టింది: దొంగ గాయాలు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. డ్రైవ్ (అఫెన్స్ వరసగా ఆడే ప్లేలు) జోరు మీద ఉన్నప్పుడు ఒకడు సైడ్‌లైన్ వైపు చూసి టపీమని కూలబడతాడు, ఆట ఆగుతుంది, నలుగురు మారతారు, వాడు ఒక ప్లే బయట కూర్చుని చక్కగా తిరిగొస్తాడు. నిజంగా మోకాలు పట్టుకుని పడిపోయినవాణ్ని కూడా జనం అరిచి వెక్కిరించే స్థితి వచ్చింది, అంతకంటే అన్యాయం ఏముంది? 2025లో కాలేజీలో దీనికి రూల్ తెచ్చారు: బంతి పెట్టేశాక ఎవరైనా పడిపోయి వైద్య సిబ్బంది లోపలికి వస్తే ఆ టీమ్‌కి ఒక టైమ్‌అవుట్ పోతుంది, టైమ్‌అవుట్‌లు అయిపోతే 5 యార్డుల పెనాల్టీ.

పన్నెండో మనిషి సంగతి వచ్చింది కాబట్టి 2024 అక్టోబర్ 12 మ్యాచ్ గురించి చెప్పకుండా ఉండలేను. ఒరిగన్ ఒక్క పాయింట్ ఆధిక్యంలో ఉంది, ఒహాయో స్టేట్ చేతిలో బంతి, 10 సెకన్లు మిగిలాయి. ఒరిగన్ డిఫెన్స్‌లో పన్నెండు మంది. పాస్ తప్పింది, 5 యార్డులు ఇచ్చారు, కానీ ఆ ప్లేకి ఖర్చయిన 4 సెకన్లు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఒక్క ప్లేతో ఆట అయిపోయింది, 32-31. పొరపాటున కాదు, లెక్క వేసుకునే ఎక్కువ మందిని పెట్టారు. కొద్ది రోజుల్లోనే ఎన్‌సీఏఏ సవరణ ఇచ్చింది, చివరి రెండు నిమిషాల్లో ఇలా చేస్తే అఫెన్స్ కోరుకుంటే ఆ సెకన్లు క్లాక్‌లో తిరిగి వేస్తారు.

లాసన్స్‌బే_కుర్రాడు:
గాజువాక అన్నా, ఇప్పుడే తిప్పి చూశాను, అక్షరాలా నువ్వు చెప్పినట్టే ఉంది. రెండో హాఫ్‌లో స్నాప్‌కి ముందు ఒక టైట్ ఎండ్ నడుచుకుంటూ బయటికి వెళ్లాడు, ఒక రిసీవర్ పరుగున వచ్చాడు, స్క్రీన్ అంచున రెండు సెకన్లు కూడా లేదు, అందుకే నాకు కనపడలేదు. మొదటి డ్రైవ్ నాలుగు ప్లేలూ జెర్సీ నంబర్లు రాసుకుని చూశాను, ఒక్కటి కూడా మారలేదు.

అక్కా, ఆ ఒరిగన్ మ్యాచ్ ఇవాళ రాత్రి వెతికి చూస్తాను. రైడర్ అన్నా, నువ్వు చెప్పింది చదువుతుంటే మా టీమ్‌లో ఒకడు గుర్తొచ్చాడు. పోయిన ఆదివారం గొడవ వాడి వల్లే మొదలైంది. ఒళ్లు భారీ, ఇసుకలో కాళ్లు దిగబడిపోతాయి, ఆరో ప్లేకి రెండు చేతులూ ఇసుకలో ఆనించి వంగిపోయాడు, లేచేసరికి అరచేతులకి ఇసుక అంటుకుని ఉంది, దులుపుకునే టైమ్ కూడా ఇవ్వకుండా అవతలి వాళ్లు బంతి వేసేశారు. కానీ వాళ్లు మనిషిని మార్చలేదు, కాబట్టి తప్పు వాళ్లది కాదని ఇప్పుడు ఒప్పుకోవాల్సిందే.

గాజువాక_ఫార్టీయార్డ్స్:
ఒప్పుకో, కానీ ఒక మాట. మీకు అఫీషియల్స్ లేరు కదా, బంతి పెట్టేది ఎవరు? అక్కడ బంతి పెట్టే పనికే ప్రత్యేకంగా మనిషి కావాల్సి వచ్చింది, 2013లో కాలేజీ టీమ్‌ల బిగ్ 12 కాన్ఫరెన్స్ ఈ స్పీడ్ తట్టుకోలేక ఎనిమిదో అఫీషియల్‌ని పెట్టి చూసింది. అఫెన్స్ వాళ్లే బంతి పెట్టుకుని వాళ్లే వేసుకుంటే ఏ రూల్ పెట్టుకున్నా గొడవ తప్పదు.

లాసన్స్‌బే_కుర్రాడు:
ఇప్పటిదాకా అఫెన్స్ వాళ్లే పెట్టుకుంటున్నారు అన్నా. సరే, ఈ ఆదివారం నేను ఆడను, బంతి దగ్గర నేను నిలబడతాను. ఎవరైనా మనిషిని మారిస్తే కాలు అటొకటి ఇటొకటి వేసి, అవతలివాళ్లు మార్చుకునేదాకా కదలను. ఐదున్నరకి మొదలుపెడతాం, రైడర్ అన్నా, వీలైతే నువ్వు కూడా రా, డిఫెన్స్‌లో ఒక మనిషి తక్కువ ఉన్నారు.