గార్ని, గెఘార్డ్, ఖోర్ విరాప్: చేతిలో ఒక్కరోజు ఉంటే ఏవి చూడాలి?

దుబాయ్_గోదారి:
సెలవులకి అమ్మానాన్నలతో ఆర్మేనియా వెళ్తున్నాం. పాత చర్చిలు, క్రైస్తవం రాకముందు కట్టిన గుడి చూడాలని నాన్న కోరిక. వాటికి ఒక్కరోజే దొరికింది. ఒక టూర్ వాళ్లు గార్ని, గెఘార్డ్, ఖోర్ విరాప్, నోరవాంక్ నాలుగూ ఒకేరోజు తిప్పేస్తామంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అయ్యే పనేనా?

యెరెవాన్_మెడికో:
అన్నా, నేనిక్కడే చదువుకుంటున్నా. నాలుగూ పెట్టుకుంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. గార్ని, గెఘార్డ్ రెండూ యెరెవాన్ సిటీకి తూర్పున ఒకే దారిలో ఉన్నాయి. గార్ని 30 కిలోమీటర్ల లోపే, గెఘార్డ్ అక్కడి నుంచి ఇంకో పది. ఖోర్ విరాప్‌కి దక్షిణంగా వెళ్లాలి. నోరవాంక్ అదే వైపు, కానీ 120 కిలోమీటర్లు. పెద్దవాళ్లున్నారు కాబట్టి మొదటి రెండూ తీరిగ్గా చూడండి. గార్ని దాకా మార్ష్రుత్కాలు, అంటే మినీబస్సులు ఉంటాయి. అక్కడి నుంచి గెఘార్డ్‌కి టాక్సీనే గతి. ఎక్కే ముందే వెయిటింగ్‌తో కలిపి రేటు మాట్లాడుకోండి, లేకపోతే పైన బండి కోసం పడిగాపులు పడాలి.

పెదవి_విరుపు:
గార్ని గురించి మరీ ఆశలు పెట్టుకోకండి. రెండువేల ఏళ్ల గుడి అంటారు గానీ, ఇప్పుడు కనబడేది సోవియట్ వాళ్లు 1970ల్లో నిలబెట్టిందే.

రాతిపిచ్చి:
పైన చెప్పింది సగం నిజం. క్రీ.శ. మొదటి శతాబ్దంలో తిరిదాతేస్ రాజు సూర్యదేవుడు మిహ్ర్ కోసం కట్టించాడని ఎక్కువమంది అంటారు. గుడి కాదు, ఎవరిదో సమాధి అనే పండితులూ ఉన్నారు. 1679 భూకంపానికి కూలిపోయింది. అయితే రాళ్లు చాలావరకు అక్కడే పడి ఉన్నాయి. సాహిన్యాన్ అనే ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో 1969 నుంచి 1975 దాకా వాటినే ఏరి, పేర్చి నిలబెట్టారు. దొరకని చోట కొత్త రాయి పెట్టి, చెక్కకుండా నున్నగా వదిలేశారు. గోడ దగ్గరికెళ్లి చూడండి: తీగలు, ఆకులు చెక్కిన రాయి పక్కనే బోసిగా ఇంకో రాయి. ఏది పాతదో, ఏది కొత్తదో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. సిమెంటు పూసి మాయ చేసే మన దగ్గరి మరమ్మతుల కన్నా ఇదే నాకు నిజాయితీగా అనిపించింది.

పక్కనే మూడో శతాబ్దపు స్నానశాల ఉంది. దాని నేల మీద రంగురాళ్ల మొజాయిక్‌లో గ్రీకు సముద్రదేవతలు, వాళ్ల మధ్య ఒక వాక్యం. పని చేశాం, మాకేమీ దక్కలేదు అని దాని అర్థమట. బిల్లు పాస్ కాని కాంట్రాక్టరు గోడు లాగుంది!

అమ్మగారి సంగతి: గుడి మెట్లు తొమ్మిదే, కానీ ఒక్కోటి దాదాపు అడుగెత్తు. ఎక్కలేకపోతే ఫర్వాలేదు, లోపల చిన్న గదే. 24 స్తంభాలూ బయటే ఉన్నాయి, చుట్టూ తిరిగి చూడొచ్చు.

సత్తెనపల్లి_అమ్మాయి:
నాకైతే గెఘార్డే నచ్చింది. కొండని తొలిచి చేసిన గదులు. పెద్ద చర్చి 1215 నాటిది, కానీ ఆ చోటు అంతకంటే ముందు నుంచే పవిత్రం. అక్కడి ఊటని క్రైస్తవానికి ముందే కొలిచేవాళ్లట. ఆర్మేనియాని క్రైస్తవంలోకి తెచ్చిన గ్రిగోర్ అనే సెయింట్ నాలుగో శతాబ్దంలో అక్కడే మఠం పెట్టాడంటారు. ఆ నీళ్లు ఇప్పటికీ ఒక గుహ గదిలో రాతి నేల మీంచి పారుతూనే ఉన్నాయి. జనం ముఖం కడుక్కుంటారు, సీసాల్లో పట్టుకెళ్తారు. అత్తయ్యగారు చూసి "మన కోనేరు తీర్థమే కదమ్మా" అన్నారు.

పై అంతస్తులో 1288 నాటి గది ఒకటుంది. పైకప్పులో చిన్న రంధ్రం, అదొక్కటే వెలుతురు. ఎవరో నలుగురు పాట అందుకున్నారు. ఆపేశాక కూడా ఆ స్వరం చాలాసేపు గదిలోనే తిరిగింది.

బయటికొచ్చేటప్పుడు అక్కడివాళ్లు బలిపీఠానికి వెన్ను చూపరు, వెనక్కి వెనక్కి నడుస్తారు. మొక్కుకున్నవాళ్లు గొర్రెనో, కోడినో బలిచ్చి మాంసం పంచిపెట్టే ఆచారం కూడా ఉంది, దాన్ని మతాఘ్ అంటారు. పిల్లలుంటే ముందే చెప్పి ఉంచండి.

పెదవి_విరుపు:
ఆర్మేనియాలో ఒకప్పుడు కృష్ణుడి గుడి ఉండేదని వాట్సాప్‌లో తిరుగుతోంది. దాన్ని కూడా లిస్టులో వేసుకుంటారా? 😀

రాతిపిచ్చి:
దానికి మూలం ఒక పాత ఆర్మేనియన్ పుస్తకం. భారతదేశం నుంచి పారిపోయొచ్చిన ఇద్దరు రాకుమారులు గిసానే, దెమెతెర్. వాళ్లకి తారోన్ ప్రాంతంలో స్థలమిచ్చారని, వాళ్ల విగ్రహాలని గ్రిగోర్ పడగొట్టించాడని అందులో కథ. గిసానే అంటే కృష్ణుడేనని తర్వాతివాళ్లు ఊహించారు. పుస్తకం నాలుగో శతాబ్దానిదని చెప్పుకున్నా, చాలా తర్వాత రాసిందని పండితుల మాట. పైగా తారోన్ ఇప్పుడు టర్కీలో ఉంది, చూడ్డానికి ఏమీ లేదు.

పాత మీద కొత్త కట్టిన ఆనవాలు కావాలంటే ఎచ్మియాద్జిన్ కేథడ్రల్ ఉంది. 1950ల్లో తవ్వితే ప్రధాన బలిపీఠం కింద పాత అగ్నివేదిక బయటపడింది. సిటీకి పడమర, 20 కిలోమీటర్లే.

దుబాయ్_గోదారి:
అందరికీ థాంక్సండి. టూర్ వద్దనుకున్నాం, కారు మాట్లాడుకుని గార్ని, గెఘార్డ్ వెళ్తాం. ఖోర్ విరాప్ వదిలేసినందుకే నాన్న మొహం చిన్నబుచ్చుకున్నారు. అమ్మ శాకాహారి, తిండికి ఇబ్బంది పడతామా?

యెరెవాన్_మెడికో:
ఖోర్ విరాప్‌లో గ్రిగోర్‌ని 13 ఏళ్లు బంధించారని చెప్పే గొయ్యిలోకి నిలువు నిచ్చెన మీద దిగాలి, అమ్మగారికి ఎలాగూ కుదరదు. అక్కడి నుంచి కనిపించే అరారత్ పర్వతమే నాన్నగారికి ముఖ్యమైతే, గార్ని దారిలో చారెంత్స్ ఆర్చ్ దగ్గర ఆపమనండి, అక్కడి నుంచీ కనిపిస్తుంది. పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే మసక కమ్మేస్తుంది.

తిండికి "పసూత్స్" అని అడగండి, ఉపవాస భోజనం అన్నమాట. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. క్యాబేజీ ఆకుల్లో పప్పులు చుట్టి చేసే పసూత్స్ తోల్మా బాగుంటుంది. గెఘార్డ్ గేటు దగ్గర ఆడవాళ్లు గాతా అమ్ముతారు, పళ్లెమంత తీపి రొట్టె. దాంట్లో మాత్రం వెన్న, గుడ్డు పడతాయి. అమ్మగారు గుడ్డు తినకపోతే నాన్నగారికి ఒక్కటే కొనండి, మొత్తం తినడం ఎలాగూ ఆయన వల్ల కాదు.