పెట్టెలో ఉన్న పిల్లాడు లైటు వేసినప్పుడే కనపడాలి, ఏ గుడ్డ వాడాలి?

స్కూల్లో హెన్రీ బాక్స్ బ్రౌన్ నాటిక వేయిస్తున్నాను. 1849 మార్చిలో తనను తానే పెట్టెలో పార్సిల్ చేయించుకుని, అమెరికాలోని రిచ్‌మండ్‌లో బానిసత్వం నుంచి ఫిలడెల్ఫియా చేరాడే, ఆయన కథ. 27 గంటలు, కాసిని నీళ్లు, కొన్ని బిస్కెట్లు, మధ్యలో కాసేపు తలకిందులుగా కూడా (పిల్లలకి ఇదే బాగా నచ్చింది).

పెట్టె అసలు కొలతలతోనే అట్టతో చేశాం, 3 అడుగుల పొడవు, 2 అడుగుల 8 అంగుళాల లోతు, 2 అడుగుల వెడల్పు. ముందువైపు అట్ట తీసేసి దోమతెర బిగిస్తే, లోపల టార్చి వేయకముందే వాడి మోకాళ్లు కనపడుతున్నాయి, గోనెపట్టా కడితే టార్చి వేసినా ఏమీ కనపడట్లేదు, నల్ల చున్నీ రెండు మడతలు వేసినా అంతే. స్టేజీ లైట్లు రెండూ ఎదురుగానే ఉన్నాయి, పక్కకి జరపడం కుదరదు. ముందు వరస పదడుగుల దూరం.

టార్చి వేసేదాకా లోపల ఉన్నవాణ్ణి దాచి, వేయగానే చూపించే గుడ్డ ఏది?