ఎక్స్‌ఎంఎల్ చదివే ముందు నేమ్‌స్పేస్‌లు పీకేయాలా, క్లాసుల్లో రాసుకోవాలా?

ఆదోని_పత్తి:
మా ఊళ్లో ఒక జిన్నింగ్ మిల్లుకు సీ షార్ప్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఆర్డర్లు ఎక్స్‌ఎంఎల్‌లో వస్తాయి. రూట్ (అన్నిటికీ పైనుండే ట్యాగు) ఒక నేమ్‌స్పేస్‌లో, లోపలి బరువు, రేటు ఇంకో నేమ్‌స్పేస్‌లో ఉంటాయి. నేమ్‌స్పేస్ అంటే ట్యాగు ఏ గుంపుదో చెప్పే, వెబ్ అడ్రస్‌లా ఉండే పేరు. ఆ ఫైలును మా క్లాసుల్లోకి నింపే ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ ఏ ఎర్రరూ ఇవ్వదు, బరువు మాత్రం 0 క్వింటాళ్లు అని చూపిస్తోంది. రెజెక్స్‌తో (అక్షరాల నమూనాలు వెతికి మార్చే పద్ధతి) నేమ్‌స్పేస్‌లు, ట్యాగుల ముందుండే ప్రిఫిక్స్‌లు అన్నీ పీకేద్దామని మావాళ్లు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

టవర్‌క్లాక్_అనంత:
పీకేయండి. అదే నేమ్‌స్పేస్‌ను ఒకరు హెచ్‌టీటీపీ అని పంపుతారు, ఇంకొకరు హెచ్‌టీటీపీఎస్ అని, మరొకరు చివర స్లాష్ పెడతారు. అక్షరం తేడా ఉన్నా వేరే నేమ్‌స్పేస్ కిందే లెక్క. పంపేవాళ్ల తప్పులకు మనం క్లాసులు రాసుకుంటూ కూర్చోవాలా?

బళ్లారి_చౌరస్తా:
పీకొద్దు తమ్ముడూ. ముందు ఆ 0 ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. రూట్ కలవకపోతే సీరియలైజర్ ఎక్సెప్షన్ వేస్తుంది. లోపలి ఎలిమెంట్ (ట్యాగు) కలవకపోతే మాత్రం దాన్ని తెలియనిదిగా లెక్కేసి దాటిపోతుంది, డెసిమల్ ప్రాపర్టీలో 0 అలాగే మిగిలిపోతుంది. నువ్వు రూట్‌కు నేమ్‌స్పేస్ ఇస్తే లోపలివాటికీ అదే అనుకుంటుంది. కాబట్టి బరువు ప్రాపర్టీ మీద ఎక్స్‌ఎంఎల్ ఎలిమెంట్ అనే సీ షార్ప్ యాట్రిబ్యూట్ పెట్టి దాని సొంత నేమ్‌స్పేస్ రాయి. ప్రిఫిక్స్ ఏదైనా ఫర్వాలేదు, చూసేది యూఆర్ఐనే, అంటే నేమ్‌స్పేస్ పూర్తి పేరునే. ఇంకోటి, డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ప్రిఫిక్స్ లేకుండా ఇచ్చేది) ఎలిమెంట్లకే, ట్యాగు లోపల రాసే ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్లకు వర్తించదు. చాలామంది తడబడేది ఇక్కడే.

ఇక రెజెక్స్ సంగతి. ఎక్స్‌ఎస్‌ఐ అనే ప్రిఫిక్స్ డిక్లరేషన్ తీసేసి, విలువ లేదని చెప్పే ఎక్స్‌ఎస్‌ఐ నిల్ గుర్తును వదిలేస్తే పార్సరే ఒప్పుకోదు. రెండూ తీసేస్తే ‘విలువ లేదు’ అన్న సమాచారమే పోతుంది. సోప్ (ఎక్స్‌ఎంఎల్‌లో సందేశాలు పంపుకునే పద్ధతి) 1.1, 1.2 ఎన్వలప్‌లు విడివిడిగా తెలిసేదే నేమ్‌స్పేస్ వల్ల. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ కేవైసీ లాంటి సంతకం చేసిన ఎక్స్‌ఎంఎల్‌లో చెయ్యి పెడితే సంతకం చెల్లదు.

టవర్‌క్లాక్_అనంత:
సంతకాన్ని అసలు ఫైలు మీద సరిచూసుకుని, కాపీలో పీకుతాం. అందులో ఇబ్బంది ఏముంది? నేనడిగిన స్లాష్ సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

బళ్లారి_చౌరస్తా:
సంతకం వరకు మీ మాట ఒప్పుకుంటాను. స్లాష్ బాధ కూడా నిజమే, కానీ దానికి అన్నీ పీకనక్కర్లేదు అన్నా. ఎక్స్‌ఎంఎల్ రీడర్ మీద చిన్న రేపర్ (రీడర్‌ను చుట్టి ఉండే క్లాసు) రాసి నేమ్‌స్పేస్ యూఆర్ఐని ఓవర్‌రైడ్ చేయండి. మనకు తెలిసిన తప్పు రూపాలు వస్తే అసలుదానికి మార్చాలి, మిగతావి ముట్టుకోకూడదు. క్లాసులు ఒక్కసారి రాస్తే చాలు. దాంతోపాటు అన్‌నోన్ ఎలిమెంట్ ఈవెంట్ పట్టుకుని ఎర్రర్ వేయించండి.

టవర్‌క్లాక్_అనంత:
రేపర్ బాగుంది. కానీ సాయంత్రం లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు కొత్త రూపం వచ్చిందనుకోండి, మీ ఎర్రర్ వల్ల లోడు ఆగిపోతుంది. మిల్లు ఓనరు ఫోన్ చేసేది మాకే.

బళ్లారి_చౌరస్తా:
ఆగనివ్వండి. ఏ ఎలిమెంట్, ఏ నేమ్‌స్పేస్ అన్నది ఎర్రర్‌లోనే ఉంటుంది, రేపర్‌లోని తప్పు రూపాల లిస్టులో ఒక లైను కలిపితే లోడు కదులుతుంది. బరువు 0 అని బిల్లు కొట్టి పంపేస్తే, ఆ లెక్క తేల్చుకోవడానికి కొన్నవాళ్లతో ఓనరు ఎన్నాళ్లు తిరగాలి?

ఆదోని_పత్తి:
బరువు మీద నేమ్‌స్పేస్ పెట్టి చూశాను అన్నా, అసలు సంఖ్య వచ్చింది. రేటుకూ అలాగే పెడుతున్నాను. రేపర్ రాశాక కోడ్ ఇక్కడే పెడతాను, ఇద్దరూ చూడండి.