ప్రింటర్ చవక, ఇంకు ఖరీదు: ఎందుకిలా?

ప్రశ్న:
మా ఇంక్‌జెట్ ప్రింటర్‌కు నలుపు, రంగుల కార్ట్రిడ్జ్‌లు రెండూ కొనబోతే, వాటి వెల దాదాపు కొత్త ప్రింటర్ వెలకు సమానంగా ఉంది. నెలకు నాలుగైదు పేజీలకు మించి తీయకపోయినా ఇంకు అయిపోతోంది. అది ఎక్కడికి పోతోందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ప్రింటర్‌ను తక్కువ లాభానికో, నష్టానికో అమ్మి, ఆ లోటును ఇంకు మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో పాత పద్ధతేనండి. ఇక మీ ఇంకు సంగతి: చాలా రోజుల తర్వాత ప్రింటర్‌ను ఆన్ చేస్తే లోపల కాసేపు గరగరమని చప్పుడు వస్తుంది చూశారా, అప్పుడు అది ఇంకును చిమ్మే నాజిల్‌లలో, అంటే వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలలో ఎండిన ఇంకును వదిలించడానికి కొత్త ఇంకునే లాగి, అడుగున ఉన్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి వదిలేస్తుంది. మీరు కొన్న ఇంకులో కొంత అసలు కాగితం ముఖమే చూడదన్నమాట.

జవాబు 2:
కొత్త ప్రింటర్‌తో వచ్చే కార్ట్రిడ్జ్‌లో చాలాసార్లు ఇంకు తక్కువే ఉంటుంది కాబట్టి, ఇంకు కోసం ప్రింటర్‌నే మార్చాలన్న ఆలోచన మానుకోండి. ఇక వాడేసిన కార్ట్రిడ్జ్‌లను నింపి అమ్మేవారి దగ్గర కొనే సంగతి: అలాంటివారిపై ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్ నడిపిన వ్యాజ్యంలో, వస్తువును ఒకసారి అమ్మాక దానిపై పేటెంట్ హక్కు తీరిపోతుందని అమెరికా సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది గానీ, ఇతరుల కార్ట్రిడ్జ్‌లను ప్రింటర్‌లో పనిచేయకుండా అడ్డుకునే చిప్‌లు మాత్రం పోలేదు.

జవాబు 3:
రంగులు అవసరం లేకపోతే లేజర్ ప్రింటర్ తీసుకోండి. అందులో ఇంకుకు బదులు వాడేది టోనర్ అనే పొడి గనుక నెలల తరబడి వాడకపోయినా ఎండిపోదు.